తుపాకి కొనే ముందు భుజాన్ని అడగాలి

ఉట్నూర్‌లో కూర్చొని జింకల వేట తుపాకి గురించి రాయడమేందని నవ్వకండి. మా చుట్టూ ఉన్నది కవ్వాల్ అడవి, 2012లో పులుల రిజర్వుగా ప్రకటించిన అడవి. ఇక్కడ చుక్కల దుప్పిని కొడితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలుకు పోవాల్సిందే. పోవాలి కూడా, ఆ విషయంలో నాకు రెండో మాట లేదు. నేను చెప్పేది టెక్సస్ సంగతి. అక్కడ లైసెన్సు తీసుకొని, సీజన్‌లో జింకను వేటాడటం చట్టం ఒప్పుకున్న పని. మన పిల్లలు వేలల్లో ఉంటున్న చోటు అది. కొందరు అక్కడి వాళ్లతో కలిసి వేటకు కూడా పోతున్నారు. ఆ కొందరిలో మా అక్క బిడ్డ ఒకతె.

అల్లుడు ఆఫీసు స్నేహితులతో మూడేళ్లుగా నవంబర్‌లో వేటకు పోతున్నాడు. పోయినేడు ఈ పిల్ల "నేను కూడా వస్తా" అంది. సంతోషమే. అతను తన .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ తీసి చేతికిచ్చి, ముందు అలవాటు చేసుకొమ్మని రేంజికి తోలుకపోయాడు. అయిదడుగుల పిల్ల, సన్నటి ఒళ్లు. నాలుగు తూటాలు కాల్చేసరికి భుజం కమిలి వంకాయ రంగుకు తిరిగింది. వీడియో కాల్‌లో చూపించింది.

ఇంట్లో అందరూ తలా ఒక మాట అన్నారు. "మూగజీవాన్ని చంపబోతే ఇట్లనే అయితది, మానెయ్యి బిడ్డా" అని అక్క. "రెండు మూడు సార్లు పోతే భుజం గట్టిపడుతది అత్తమ్మా, మేమందరం అట్లనే నేర్చుకున్నం" అని అల్లుడు. నాకు ఇద్దరి మాటా నచ్చలేదు. తప్పు పిల్లది కాదు, వేటది కూడా కాదు, ఆ తుపాకిది.

నేను వేటగత్తెను కాదు. కానీ డిగ్రీలో ఎన్‌సీసీ చేశాను. బోర్లా పడుకొని పాయింట్ టూ టూ రైఫిల్‌తో అయిదేసి తూటాలు కాల్చిన రోజులు బాగా గుర్తున్నాయి. ఆ రైఫిల్ అసలు తన్నదు, దగ్గినట్టు ఉంటుంది అంతే. అందుకే మా బ్యాచిలో ఆడపిల్లలందరికీ గురి కుదిరింది. మా మరిది పోలీసు శిక్షణలో త్రీ నాట్ త్రీ కాల్చినప్పుడు చొక్కా లోపల తువ్వాల మడిచి పెట్టుకున్నాడట. దాని మడమకు రబ్బరు మెత్త ఉండదు, ఇత్తడి పట్టీ ఉంటుంది. ఆ పట్టీ నేరుగా ఎముకకు తగులుతుంది. అయినా లెక్క చూస్తే త్రీ నాట్ త్రీ తన్ను ఆ మాగ్నమ్ తన్నులో సగమే. పోలీసు ఉద్యోగానికి పోయిన మగపిల్లాడు తువ్వాల పెట్టుకుంటే తెలివి, మా పిల్ల భుజం నొస్తుందంటే నాజూకుతనం!

ఈ తన్నును అక్కడ ఫుట్ పౌండ్లలో కొలుస్తారు. ఎనిమిది పౌండ్ల తుపాకి, అంటే మూడున్నర కిలోలకు కొంచెం పైన ఉన్నది, తీసుకుందాం. .243 విన్‌చెస్టర్ తూటా అయితే తన్ను సుమారు 10. 7 ఎంఎం-08, 6.5 క్రీడ్‌మోర్ అయితే 13 అటూ ఇటూ. .308 అయితే 16, 17. పాతకాలపు 30-06 అయితే 20 దాటుతుంది. .300 మాగ్నమ్ 30 దగ్గరికి పోతుంది. తూటా బరువును బట్టి అంకెలు కొంచెం మారతాయి గానీ వరుస మారదు. అంటే మా పిల్ల మొదటిరోజే .243 కంటే మూడింతలు తన్నేదాన్ని భుజాన పెట్టుకుంది.

నొప్పి ఒక్కటే అయితే నేను ఇంత రాయను. మనం ఓర్చుకోని నొప్పులా? అసలు సంగతి ఏమిటంటే, ఒకసారి తన్ను తిన్న ఒళ్లు రెండోసారి ముందే జంకుతుంది. మీట నొక్కేముందే కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు గుంజుతుంది. గొట్టం కొన కదులుతుంది. జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ముందు కాలి వెనక టిఫిన్ ప్లేటంత ఉంటుంది. అక్కడ తగిలితే ఎక్కువ బాధ లేకుండా పడిపోతుంది. జానెడు వెనక్కి పోతే కడుపులో తగులుతుంది. అప్పుడది పరుగెత్తి ఏ పొదలోనో గంటల తరబడి కొట్టుకుంటూ చస్తుంది. మా వైపు అడవిలో దొంగచాటుగా పెట్టే ఉచ్చులు, అడవి పందుల కోసమని లాగే కరెంటు తీగలు ఎరిగినదాన్ని, కాబట్టి మెల్లగా వచ్చే చావు అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూగజీవం మీద జాలి ఉన్నవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న తుపాకి ఎంత తన్నుతుందనే. మా అక్కకు ఇదే చెప్పాను. ఇంట్లో కోడి కోసినప్పుడు కత్తి పదునుగా ఉందా లేదా అని చూస్తావు కదా అక్కా, ఇదీ అంతే అన్నాను. ఆమె ఫోను పెట్టేసింది, అది వేరే సంగతి.

ఇక "చిన్న తూటా ఆడోళ్లకు, పిల్లలకు" అనే మాట. అల్లుడి స్నేహితులు .243ని అట్లనే అంటారట. 1952లో వచ్చిన .308 తూటా మూతిని సన్నగా చేస్తే 1955లో .243 అయింది. అదే డబ్బా, గుండు మాత్రం చిన్నది. మధ్య టెక్సస్ కొండల వైపు జింకలు ఉత్తరాది రాష్ట్రాల వాటికంటే చిన్నవి. పైగా అక్కడ వేట ఎట్లా చేస్తారో తెలుసా? మక్కలు పోస్తారు! చెట్ల నడుమ డబ్బా కట్టి, వేళకు కొన్ని మక్కలు రాలేటట్టు పెట్టి, మంచె లాంటి గదిలో కూర్చుంటారు. మనమేమో మక్కచేనులో మంచె కట్టి రాత్రంతా డబ్బాలు కొట్టి అడవి జంతువులను తరుముతాం, వాళ్లేమో మక్కలు పెట్టి పిలుస్తారు. జింక వచ్చి నిలబడేది చాలాసార్లు వంద గజాల లోపే. ఆ దూరంలో నిలబడిన జింకకు మాగ్నమ్ ఎందుకు? సరైన వేట గుండు వేసిన .243 చాలు, గురి ఉంటే. గురి లేకపోతే ఏదీ చాలదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే జిమ్ కార్బెట్‌ను గుర్తు చేసుకోండి. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో ఆయనకు బహుమానంగా ఇచ్చిన రైఫిల్ .275 రిగ్బీ. 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టింది దానితోనే. అది పెద్ద తుపాకి కాదు, ఆ రోజుల్లో కూడా తేలిగ్గా తన్నే రకమే. దాని బలం దాదాపు 1980లో వచ్చిన 7 ఎంఎం-08కు సమానం. కార్బెట్‌ను ఎవరూ నాజూకు మనిషి అనలేదు కదా.

అసలు మగవాళ్లకు కూడా ఆ తన్ను నొప్పే. చెప్పుకోరు. రేంజిలో ఒక తేలికైన పరీక్ష ఉంది. పక్కనున్నవాళ్లు మనకు తెలియకుండా ఒకసారి నిజం తూటా, ఒకసారి ఉత్తి డమ్మీ తూటా పెట్టి ఇస్తారు. డమ్మీ ఉన్నప్పుడు శబ్దం రాదు, తన్ను ఉండదు, కానీ జంకు అలవాటైన చేతిలో గొట్టం ఎగిరిపడుతుంది. దాచుకుందామన్నా దాగదు. ఈ పరీక్ష అల్లుడి మీద కూడా చెయ్యమని పిల్లకు చెప్పాను. చేసిందట. ఫలితం ఇక్కడ రాయను, అతను ఇది చదువుతాడు.

తూటా ఒక్కటే కాదు, కొలత కూడా చూడాలి. మా వంటింటి గట్టు మేస్త్రి తన ఎత్తుకు కట్టిపోయాడు. ఇరవై ఏళ్లుగా చపాతీ పిండి పిసికేటప్పుడు నేను పీట వేసుకొని నిలబడుతున్నాను. దుకాణంలో దొరికే మామూలు రైఫిల్ కూడా ఆ గట్టు లాంటిదే. మడమ చివర నుంచి మీట దాకా పదమూడున్నర అంగుళాలకు పైనే ఉంటుంది. పొట్టి చేతులవాళ్లు దాన్ని అందుకోవాలంటే మెడ సాచి, ఒళ్లు వెనక్కి వాల్చి నిలబడాలి. అట్లా నిలబడితే మడమ భుజం గుంటలో కుదరక జబ్బ మీదికి జారుతుంది, దెబ్బ అక్కడ తగులుతుంది. కంటిని స్కోపుకు మరీ దగ్గరగా పెట్టినా ప్రమాదమే, తన్నినప్పుడు దాని అంచు కనుబొమను చీలుస్తుంది. పన్నెండు, పన్నెండున్నర అంగుళాల కాంపాక్ట్ రకాలు దొరుకుతాయి. మోచేయి మడిచి, మడమను మోచేతి మడతలో ఆనించి చూస్తే వేలు మీటకు హాయిగా అందాలి. ఇది ఉజ్జాయింపు కొలతే, చివరికి భుజాన పెట్టి చూసుకోవాల్సిందే.

దుకాణంవాళ్లు ఆడపిల్లను చూడగానే "ఇది తేలిగ్గా ఉంటది" అని అయిదారు పౌండ్ల తుపాకి చేతిలో పెడతారట. ఇక్కడే మోసపోవద్దు. ఒకే తూటాకు తుపాకి తేలికైతే తన్ను పెరుగుతుంది. ఎనిమిది పౌండ్ల నుంచి ఆరుకు దిగితే తన్ను మూడో వంతు ఎక్కువవుతుంది. కొండలెక్కి మైళ్లు నడిచేవాళ్లకు ఆ బేరం సరే. మంచెలో కూర్చునేవాళ్లకు తుపాకి బరువు చుట్టమే గానీ శత్రువు కాదు.

మడమకు మంచి రబ్బరు మెత్త వేయించుకోవడం తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు. గొట్టం కొనకు బిగించే మజిల్ బ్రేక్ తన్నును బాగా తగ్గిస్తుంది గానీ చెవులు చిల్లులు పడే మోత. ఆ మోతకే మనిషి జంకుతాడు, ఇక లాభమేముంది? చెవుల్లో బిరడాలు, పైన మఫ్ రెండూ పెట్టుకొని కాల్చడం నయం. కొత్తది కొనే స్తోమత లేక ఇంట్లో .308 గానీ 30-06 గానీ ఉంటే తన్ను తగ్గించి చేసిన తూటాలు దొరుకుతాయి. దూరానికి పనికిరావు, వంద గజాలకు చాలు. ఒక్క విషయం, పాయింట్ టూ టూ తన్నదు కదా అని దానితో జింకను కొడదామనుకోవద్దు. దాని గుండుకు ఆ బలం లేదు, టెక్సస్‌లో ఆ రకం తూటాలతో జింకను కొట్టడం నేరం కూడా. అది గురి నేర్చుకోవడానికి. దానితో నెల రోజులు నేర్చుకొని పెద్దదానికి పోతే జంకు అసలు అంటుకోదు.

మా పిల్ల .243, 7 ఎంఎం-08 రెండూ కాల్చి చూసి రెండోది ఎంచుకుంది, పొట్టి మడమతో. నేనైతే .243 అనేదాన్ని. కానీ భుజం తనది.

మీ పిల్లలు కూడా అక్కడ ఉండి ఇట్లాంటి మాట ఎత్తితే, తుపాకి కంటే ముందు కాగితాలు అడగండి. హెచ్ వన్ వీసా, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోవడమే అమెరికా చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. స్నేహితుడి తుపాకి కదా అని పట్టుకొని ఫొటో దిగడం కూడా చిక్కే. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు పోవాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. ఆ లెక్కన నేను పోయినా చదవాల్సిందే. తుపాకి శుభ్రం చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్న మన పిల్లల వార్తలు కూడా పేపర్లలో చూశాం. తూటా తీసేశామా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవడం, తాళం ఉన్న ఇనుప పెట్టెలో తుపాకి, వేరే చోట తూటాలు పెట్టుకోవడం, ఇవి రైఫిల్ ఇంటికి రాకముందే కుదరాలి. మా పిల్ల ఇంట్లో పెట్టె వచ్చింది. తాళంచెవి ఇద్దరి దగ్గరా ఉంది.