నీడలో ఆట, ఎముకలో లోటు

కబడ్డీ మట్టి వదిలి మ్యాట్ ఎక్కింది. మ్యాట్ తడవకూడదు, ఎండకు కాలకూడదు, కాబట్టి దానికి పైకప్పు కావాలి. 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక, తెలుగు టైటాన్స్ విశాఖలో ఆడాక, ఉత్తరాంధ్ర పల్లెల్లో కబడ్డీ ఆడే ప్రతి కుర్రాడి కలా ఆ మ్యాటే అయింది. 2025 ఆగస్టు 29న లీగ్ పన్నెండో సీజన్ కూడా విశాఖలోనే మొదలైంది. వాలీబాల్, బాస్కెట్‌బాల్, బ్యాడ్మింటన్ ఇదే దారిలో ముందే లోపలికి వెళ్లాయి. ఆటకు ఇది మేలే. అయితే బయట ఆడినన్నాళ్లూ ఆటగాడికి ఎంతో కొంత ఉచితంగా అందిన ఎండ మాత్రం గుమ్మం బయటే ఆగిపోయింది.

ఎముకకు కావాల్సిన విటమిన్ డి ఒంట్లో ఎండతోనే తయారవుతుంది. గదిలో ఆడేవాళ్లకు అది తగ్గుతుందని ఎండ దండిగా ఉన్న దేశాలే చెప్పాయి. ఇజ్రాయెల్‌లో 98 మంది క్రీడాకారులు, నృత్యకారులను పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో 73 శాతం మందికి ఈ విటమిన్ చాలినంత లేదు. బయట ఆడేవాళ్లలో ఈ లోటు 48 శాతం, లోపల ఆడేవాళ్లలో 80 శాతం, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో ఏకంగా 94 శాతం. ఆకాశంలో ఎండ ఉంటే చాలదు, అది ఒంటిని తాకాలి.

మన దగ్గరి లెక్క తిరుపతిలో ఉంది. అక్కడి స్విమ్స్ వైద్యసంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పట్నంలో 62 శాతం పురుషులకు, 75 శాతం స్త్రీలకు విటమిన్ డి లోపం ఉంది. పల్లెల్లో పురుషులకు 44 శాతమే, స్త్రీలకు మాత్రం 70 శాతం. పొలంలో చొక్కా లేకుండా పొద్దుగూకే దాకా పనిచేసే రైతుకు ఉన్నంత రక్షణ పల్లెలోని ఆడవాళ్లకు లేదు. అదే బృందం మరో సంగతీ తేల్చింది. తిరుపతి ఎండలో ఈ విటమిన్ బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల దాకానే. చర్మంలో ఆ మార్పు తెచ్చే అతినీలలోహిత బి కిరణాలు పొద్దు వాలితే వాతావరణంలోనే చాలామటుకు ఆగిపోతాయి. కిటికీ అద్దమూ వాటిని రానివ్వదు.

ఇప్పుడు చోడవరం సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్ దాకా విశాఖ జిల్లాలో ఉండి, అనకాపల్లి జిల్లాలోకి మారిన ఈ ఊరి చుట్టూ చెరకు పొలాలు, పక్కనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ. చెరకు నరికే తండ్రికి నడినెత్తి ఎండ తప్పదు. ఆటలో పైకి రావాలని ఆ తండ్రి పొలం పనికి పంపకుండా కాపాడుకునే పిల్లల రోజు వేరు. తెల్లారకముందే ప్రాక్టీసు, పగలంతా తరగతి గది, సాయంత్రం మళ్లీ ప్రాక్టీసు. మైదానంలో ఆడినా, హాల్లో ఆడినా ఎముకకు పనికొచ్చే ఎండ ఆ వేళల్లో దొరకదు. నా దృష్టిలో పైకప్పు ఎంత కారణమో టైంటేబులూ అంతే కారణం. మార్చడం సులువైంది కూడా అదే.

పీఈటీ మాస్టార్లకు ఖర్చులేని కొలత ఒకటుంది. నీడ మనిషి కన్నా పొట్టిగా ఉన్నంతసేపే ఒంట్లో విటమిన్ డి బాగా తయారవుతుంది. చోడవరం దేశ ప్రామాణిక రేఖాంశానికి దగ్గర్లో ఉండడం వల్ల ఇక్కడ గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడూ దాదాపు నడినెత్తికి వస్తాడు. డిసెంబరులో సైతం 11 నుంచి 1 దాకా నీడ పొట్టిగానే ఉంటుంది. వారానికి మూడు నాలుగు రోజులు, చేతులూ కాళ్లూ కనిపించే ఆట దుస్తుల్లో, పావుగంట నుంచి అరగంట తేలికపాటి కసరత్తు ఆ వేళకు జరిపితే చాలా లాభం. ఏప్రిల్, మే వడగాడ్పుల్లో మాత్రం ఈ పని వద్దు. ఆడపిల్లలకు ఆ అరగంట, ఆ దుస్తులు దొరికేలా చూడడం పాఠశాల పూనుకొని చేయాల్సిన పని, వాళ్ల తంటాలకు వదిలేసేది కాదు.

ఎండ ఒక్కటే సరిపోదు. విటమిన్ డి పేగులోని కాల్షియాన్ని ఒంటికి పట్టిస్తుంది. కంచంలో కాల్షియమే లేకపోతే పట్టించడానికేముంది? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 600 యూనిట్ల విటమిన్ డి కావాలి. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో కాల్షియం 10 మిల్లీగ్రాములు కూడా ఉండదు. దీనికి తోడు చెమట. అమెరికాలో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులోని 11 మందిని గమనించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఒక్కో ప్రాక్టీసుకు సగటున 422 మిల్లీగ్రాముల కాల్షియం చెమటలో పోయింది. ఏడాది తిరక్కుండానే కాళ్లలోని ఎముక ఖనిజం 10.5 శాతం తగ్గింది. కాల్షియం అదనంగా ఇచ్చాక కోలుకుంది. పరీక్షించింది కొద్దిమందినే అయినా, మన కోస్తా ఉక్కపోతలో గాలాడని హాల్లో ఆడించే కోచ్‌లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దీనికి మందు ఉత్తరాంధ్ర వంటింట్లోనే ఉంది. చోళ్ళలో, అంటే రాగుల్లో, 100 గ్రాములకు 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. రాత్రి పులియబెట్టిన చోడి అంబలిలో, కాల్షియాన్ని కట్టిపడేసే ఫైటేటు కూడా తగ్గుతుంది. రెండు గ్లాసుల అంబలి, రోజు మొత్తంలో 400 మిల్లీలీటర్ల పాలో పెరుగో కలిస్తే అవసరం చాలామటుకు తీరినట్టే. మిగిలింది మునగాకు, పప్పు, ముల్లుతో సహా తినే నెత్తళ్లు చూసుకుంటాయి. రాష్ట్రంలో 2023 మార్చి 21న బడుల్లో వారానికి మూడు రోజుల రాగిజావ మొదలైంది. ప్రాక్టీసు చేసే పిల్లలకు అది వారమంతా అందించడం పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ లోటు పెంచే ముప్పుల్లో ఒకటి స్ట్రెస్ ఫ్రాక్చర్. అదేమిటో 2022లో పీవీ సింధు కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన వెంటనే ఆమెకు ఆ గాయం బయటపడడంతో తెలుగువాళ్లందరికీ తెలిసింది. పదేపదే పడే దెబ్బకు ఎముకలో వచ్చే సన్నని చీలిక అది. శిక్షణ భారం, గెంతే తీరు, నేల గట్టిదనం వంటి కారణాలు దానికి ఎన్నో. ఎవరి గాయాన్నీ ఒక్క విటమిన్‌కు అంటగట్టలేం. కానీ అమెరికా నౌకాదళంలో చేరిన 5,201 మంది యువతులపై జరిపి 2008లో ప్రచురించిన ప్రయోగంలో, రోజూ 2000 మిల్లీగ్రాముల కాల్షియం, 800 యూనిట్ల విటమిన్ డి తీసుకున్నవాళ్లకు ఇలాంటి చీలికలు 20 శాతం తగ్గాయి.

ఇది విని మందుల షాపుకు పరుగెత్తే కోచ్‌లంటే నాకు భయం. అక్కడ అమ్మే 60,000 యూనిట్ల సాచెట్ ఒక్కటి వంద రోజుల అవసరంతో సమానం. లోపం ఉన్నవాళ్లకు డాక్టర్లు వారానికొకటి చొప్పున కొన్ని వారాలే రాస్తారు. కొలత లేకుండా నెలల తరబడి మింగితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీకి చేటు. లోపం లేనివాళ్లకు అదనంగా ఇస్తే ఆట మెరుగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దలందరికీ విటమిన్ డి రక్తపరీక్ష అక్కర్లేదని చెప్పింది. కాబట్టి జట్టు మొత్తానికి రక్తం తీయించనక్కర్లేదు. కాలి ముందెముక నొప్పి వారాల తరబడి తగ్గనివాళ్లకు, రెండోసారి ఎముక చీలినవాళ్లకు, నెలసరి తప్పుతున్న అమ్మాయిలకు తప్పనిసరిగా చేయించాలి. ఆ అమ్మాయిల విషయంలో అదే రక్తంలో హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ కూడా చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కోర్టులో ఆయాసపడే పిల్లకు స్టామినా లేదని పేరు పెట్టే ముందు ఆ పరీక్ష కాగితం చూడడం కోచ్ బాధ్యత.