‘బాగుంది’ తర్వాతి మాట

మొన్న సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక ఊళ్లో ఫొటోల ప్రదర్శన పెట్టారు. తీసినవాళ్లెవరూ వృత్తి ఫొటోగ్రాఫర్లు కారు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, మందుల షాపు నడుపుకునేవాళ్లు, ఆదివారం తెల్లవారకముందే కెమెరా సంచి భుజాన వేసుకుని చెరువుగట్టుకో గుట్టకో పోయేవాళ్లు. గోడల నిండా పువ్వులు, పిట్టలు, సీతాకోకచిలుకలు. మా పత్రిక చివరి పేజీలో వచ్చే పాఠకుల ఫొటో కింద ఏళ్లుగా ‘ఒక మాట’ రాస్తున్న మాస్టారినీ పిలిచారు. ఆయన ఒక మోదుగపూల ఫొటో ముందు ఆగారు. తీసిన కుర్రాడు పక్కనే ఉన్నాడు.

“ఏం చూసి ఆగావు బాబూ, ఈ చెట్టు దగ్గర?”

“రంగు సార్. ఒక్క ఆకు లేదు. కొమ్మంతా నిప్పంటుకున్నట్టుంది.”

“ఆ రంగే ఫొటోలోకి రాలేదు చూడు,” అని మాస్టారు మొదలుపెట్టారు. కుర్రాడు సెల్‌ఫోన్ తీసి రాసుకోబోయాడు. అంతలో నిర్వాహకులలో ఒకరు వచ్చి, “మాస్టారూ, ఇక్కడ విమర్శలొద్దండీ, పిల్లలు నిరుత్సాహపడతారు. రండి, టీ తాగుదాం,” అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. వారం తిరక్కుండా ఆ నిర్వాహకుల నుంచి మాకు ఉత్తరం వచ్చింది. ‘ఒక మాట’లో లోపాలు ఎత్తి చూపడం మానకపోతే తమ సభ్యులెవరూ ఇకమీదట ఫొటోలు పంపరని, ప్రోత్సహించడం చేతకానివాళ్లు ఊరుకోవడం మంచిదని.

మేము ఊరుకోదలచుకోలేదు.

ఆ రోజు మాస్టారు చెప్పబోయి ఆగిపోయిన మాటలు ఇక్కడ పూర్తిగా చెబుతాం. మోదుగ దూరానికి మంట. దగ్గరికి వెళ్తే చిలుకముక్కులా వంగిన రేక, దాని మీద సన్నటి నూగు. వెలుతురు పక్కనుంచి పడితే ఆ నూగు వెండిలా మెరుస్తుంది. రేకలు పుట్టుకొచ్చే చోట ముదురు గోధుమరంగు మఖమల్ గిన్నె ఉంటుంది. ఆ ఫొటోలో ఇవేవీ లేవు. ఎర్ర కాగితం కత్తిరించి అతికించినట్టుంది. కుర్రాడి కంటిలో లోపమేమీ లేదు, చూడబట్టే ఆగాడు. కెమెరా ఎరుపుని, ఆకుపచ్చని, నీలాన్ని వేరువేరుగా కొలుస్తుంది. తెర మీద కనిపించే మామూలు హిస్టోగ్రామ్, అంటే వెలుతురు గ్రాఫు, ఆ మూడింటినీ కలిపేసి, ఆకుపచ్చకే పెద్ద వాటా ఇచ్చి గీస్తుంది. గీత సవ్యంగానే కనిపిస్తుంది, లోపల ఎరుపు మాత్రం అప్పటికే అంచు దాటి పొర్లిపోయి ఉంటుంది. పొర్లిన చోట వెలుగుకీ నీడకీ తేడా మిగలదు, నూగు ఉండదు, ఈనె ఉండదు. పెరట్లో ముద్దమందారం తీసినవాళ్లందరికీ ఈ బాధ తెలుసు, కారణమే చాలామందికి తెలియదు. మూడు రంగుల గ్రాఫులూ విడిగా పెట్టుకుని, ఎరుపు అంచుకు తగలకుండా ఎక్స్‌పోజర్ తగ్గించాలి. పొద్దెక్కకముందే వెళ్లాలి, లేదా మబ్బు పట్టిన రోజు చూసుకోవాలి. ఇంటికొచ్చాక కంప్యూటర్లో రంగు మరింత పెంచాలన్న ఉబలాటం ఆపుకోవాలి.

ఇందులో ఏ ముక్కకి ఎవరు నిరుత్సాహపడతారు? మాస్టారు ఈ మాటలు తన అనుభవం నుంచి తీసి, ఎదుటివాడి చేతిలో పెట్టబోయారు. అందుకు ఆయన్ని పక్కకు లాక్కుపోయారు. ఆ కుర్రాడి దగ్గర ఇరవైమంది ఆగారు. ఇరవైమందీ ‘సూపర్’ అన్నారు. వాళ్లలో ఒక్కరూ ఆ పువ్వు పేరు అడగలేదు.

తెలుగువాళ్లకు ఎదురుగా నిలబడి తప్పు చెప్పడం కొత్త కాదు. అవధానంలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు సభ మొత్తం చూస్తుండగా అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అవధాని దాన్ని అవమానం అనుకోడు. అడ్డు ఎంత గట్టిదైతే పద్యం అంత గట్టిగా నిలుస్తుందని ఇద్దరికీ తెలుసు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’ అచ్చువేసి ప్రబంధాలను నిలదీస్తే పండితులు మండిపడ్డారు, కానీ కవిత్వాన్ని ఎలా చూడాలన్న చర్చ ఇప్పటికీ ఆ పుస్తకం గడప తొక్కకుండా సాగదు. విమర్శకుడు రా.రా. కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన రోజుల్లో పెద్ద పేరని ఎవర్నీ వదల్లేదు. ఆ తర్వాత మనకు ముందుమాటల కాలం దాపురించింది. పుస్తకం ఎనభై పేజీలుంటే ముందు నాలుగు ముందుమాటలు, నాలుగింటిలోనూ అవే విశేషణాలు. రాసినవాళ్లు పుస్తకం చదివిన జాడ ఎక్కడా ఉండదు. కవిత్వాన్ని పట్టుకున్న ఆ జబ్బు ఇప్పుడు పూల ఫొటోల దాకా పాకింది.

‘బాగుంది’ అనడం తప్పని మేము అనడం లేదు. ఆ తర్వాత రావాల్సిన మాట రాకపోవడమే తప్పు. ఏది బాగుంది? చూపు ముందు ఎక్కడ వాలింది, అక్కడినుంచి ఎటు పోయింది? కలువ మీద నిలిచిందా, వెనకాల తేలుతున్న తెల్లటి ప్లాస్టిక్ సీసా లాక్కుపోయిందా? మన అలంకారికులు దీన్ని ఔచిత్యం అన్నారు. కాశ్మీరంలో క్షేమేంద్రుడు పదకొండో శతాబ్దంలోనే దాని మీద ఒక గ్రంథం రాశాడు. పద్యంలో ఒక్క విశేషణం చోటు తప్పితే పట్టుకునే మనం, పువ్వు నెత్తి మీంచి కరెంటు తీగ పోతుంటే మాట్లాడకుండా ఎలా దాటిపోతున్నాం?

మాస్టారి పద్ధతి మేము దగ్గరనుంచి చూశాం. ముందు అడుగుతారు, ఏమనుకుని తీశావని. అది తెలియకుండా నోరు విప్పరు. పది లోపాలు కనిపించినా ఒక్కటే చెబుతారు, అదీ మరుసటి ఆదివారం సరిచేసుకోగలిగేది. ఒకావిడ గునుగుపూలు తీసి పంపారు. నిలబడి పైనుంచి తీయడంతో పూల వెనక అంతా బురద. “గునుగు ఎత్తుకి మీరే దిగండమ్మా. మోకాళ్ల మీద కూర్చుంటే వెనక ఆకాశం వస్తుంది,” అని రాశారు. మరుసటి బతుకమ్మ రోజులకు ఆవిడ పంపిన ఫొటోలో తెల్లటి కంకులు నీలంలో దీపాల్లా నిలబడ్డాయి. మరొకరి తూనీగ ఫొటోలో కన్ను ఒక్కటే స్పష్టంగా ఉంది, రెక్కలు అలుక్కుపోయాయి. పురుగుని అసలు పరిమాణంలో తీసే మాక్రోలో, పెద్ద సెన్సరున్న కెమెరాకి, ఎఫ్ 8 దగ్గర కూడా స్పష్టంగా వచ్చే మందం దాదాపు ఒక్క మిల్లీమీటరే. కాబట్టి కెమెరా వెనకభాగాన్ని రెక్కలకు సమాంతరంగా పట్టుకోమన్నారు. ఒక్క వాక్యం, అంతే. ఆయన పనంతా ఇలాంటి వాక్యాలే.

నోటిదురుసు విమర్శకు మనసు విరిగి కెమెరా మూలన పడేసినవాళ్లున్నారని ఆ ఉత్తరంలో రాశారు, ఉన్నారు, కాదనం.

కానీ ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల నష్టపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. కడియం నర్సరీలో తీసిన గులాబీని అంతర్జాతీయ పోటీల ప్రకృతి విభాగానికి పంపి తిరస్కారం అందుకునేవాళ్లను మేము చూస్తూనే ఉన్నాం. అమెరికాలోని పీఎస్‌ఏ, బ్రిటన్‌లోని ఆర్‌పీఎస్, అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏపీ, ఈ మూడూ కలిసి ఒప్పుకున్న నిర్వచనం ప్రకారం సాగుచేసిన మొక్కలకు ఆ విభాగంలో చోటు లేదు. గుట్ట మీద తంగేడు పోవచ్చు, తోటలో బంతి పోదు. ఈ సంగతి తెలిసిన సభ్యులు ఆ ప్రదర్శన గదిలోనే ఉన్నారు, వాళ్లూ ‘సూపర్’ అనే అన్నారు. తంగేడు మాట వచ్చింది కనుక మరొకటి. తెలంగాణ రాష్ట్ర పుష్పానికి ఆ గోడ మీద పెట్టిన పేరు ‘పసుపు పువ్వు’.

ఇంతవరకు మేము ఓర్చుకోగలం. ఆ ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చిన ఫొటో దగ్గర మాత్రం మా ఓర్పు అయిపోయింది. పికిలిపిట్ట గూడు, నోళ్లు తెరిచిన మూడు పిల్లలు, ముక్కున పురుగుతో తల్లి. ఎంతో స్పష్టంగా ఉంది. ఎందుకంత స్పష్టంగా ఉందో ఫొటో కుడివైపు చూస్తే తెలుస్తుంది. అక్కడ రెమ్మల చివర్లు కత్తెరతో తెగి తెల్లగా కనిపిస్తున్నాయి. పికిలిపిట్ట పొద నడుమ, ఆకుల చాటున గూడు కడుతుంది. ఆ చాటు ఎండనుంచి, కాకినుంచి, పామునుంచి పిల్లలను కాపాడుతుంది. కెమెరాకు అడ్డమని దాన్ని కత్తిరించేశారు. ఆ పిల్లల మీద పడుతున్న ఎండ ఫొటోలోనే ఉంది. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’కు ఇచ్చిన నిర్వచనంలో అడవి పక్షుల గుడ్లను, గూళ్లను చెదరగొట్టడం కూడా చేరి ఉంది. ఆ ఫొటోకు శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. మాస్టారు దాని దాకా చేరకముందే ఆయన్ని టీకి తీసుకుపోయారు. చేరి ఉంటే ఆ తెగిన రెమ్మలు చూసేవారు, అడిగేవారు. ఆ ప్రశ్న వినపడకుండా ఉండడానికే ‘ప్రోత్సాహం’ అన్న మాటను అడ్డం పెట్టుకున్నారని మేము నమ్ముతున్నాం. పిల్లలు నిరుత్సాహపడతారని వాళ్లన్నది ఏ పిల్లల గురించో మాకు తెలియదు. గూట్లో పిల్లల గురించి అక్కడ ఎవరూ అడగలేదు.

పెద్ద పోటీలలో న్యాయనిర్ణేతలూ పొరపడతారు. లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియం వారి 2009 వన్యప్రాణి ఫొటోల పోటీలో గేటు మీదుగా దూకుతున్న తోడేలు ఫొటోకు మొదటి బహుమతి ఇచ్చారు. అది శిక్షణ పొందిన జంతువేమోనని కొందరు వేలెత్తి చూపారు. ఫొటో తీసినాయన కాదన్నా, నిర్ణేతలు మళ్లీ పరిశీలించి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అక్కడ అడిగినవాళ్లను టీకి పంపలేదు.

ఉత్తరం రాసినవారికి మా జవాబు ఇది. ఫొటోలు పంపవద్దనుకుంటే పంపకండి. పేజీ ఖాళీగా వచ్చినా సరే, ‘ఒక మాట’ ఆగదు. గూడు కదిల్చిన ఫొటో, సీసాలో పట్టి చల్లబరిచిన పురుగు ఫొటో ఎంత అందంగా ఉన్నా అచ్చు వెయ్యం, ఎందుకు వెయ్యలేదో తీసినవారికి చెబుతాం.

పేజీ ఖాళీగా లేదు. ఈ ఫాల్గుణంలో ఆ కుర్రాడు మళ్లీ మోదుగ దగ్గరికి వెళ్లాడు. ప్రదర్శన రోజు సాయంత్రం బస్టాండులో మాస్టారిని వెతికి పట్టుకుని, మిగిలిన మాటలన్నీ రాసుకున్నాడట. ఈ సంచిక చివరి పేజీ తిప్పండి. పొద్దుటి వెలుతురులో ఒకే ఒక్క గుత్తి, రేక మీద నూగు లెక్కపెట్టొచ్చు. కింద మాస్టారు రాశారు: “ఎరుపు దక్కింది. కుడి మూల ఎండుకొమ్మ చూపును బయటికి లాగుతోంది, ఒక అడుగు ఎడమకు జరిగి చూడు. పూలు ఇంకో వారం ఉంటాయి.”