అప్పజెప్పే చోటు

రంజాన్ నెలలో ఇషా నమాజ్ తర్వాత ఊళ్ళో మసీదు ముందు కాసేపు ఆగితే లోపలినుంచి ఖుర్ఆన్ పఠనం వినిపిస్తుంది. అది తరావీహ్ నమాజ్. చాలాచోట్ల ఆ గొంతు పదిహేను, పదహారేళ్ళ కుర్రవాడిది. తాత వయసు పెద్దలు, మేనమామలు, ఓనమాలు దిద్దించిన హజ్రత్ వెనక వరసల్లో చేతులు కట్టుకుని నిలబడతారు. ఎదుట పుస్తకం లేకుండా అతను రోజుకో సిపారాకు పైగానే చదువుతాడు. ఇరవై ఏడో రాత్రికి ఖుర్ఆన్‌లోని భాగాలైన 30 సిపారాలూ, అధ్యాయాలైన 114 సూరాలూ పూర్తవుతాయి.

అతని వెనక, మొదటి వరసలో ఖుర్ఆన్ కంఠస్థం చేసిన మరో హాఫిజ్ ఉంటాడు. ఆయనను సామే అంటారు, అంటే వినేవాడని. కుర్రవాడు ఒకచోట తడబడినా, ఒక్క మాట జారవిడిచినా, ఆయన వెంటనే దాన్ని అందిస్తాడు. కుర్రవాడు అందుకుని సాగిపోతాడు. దీన్ని లుఖ్మా ఇవ్వడం అంటారు. లుఖ్మా అంటే ముద్ద, మనం తినే అన్నం ముద్ద. తప్పు దిద్దడాన్ని నోటికి ముద్ద అందించడంగా చూసిన సంప్రదాయం అది.

ముస్లిం కుటుంబాలను చదువువైపు నడిపించేది ఏమిటన్న చర్చ వచ్చినప్పుడల్లా ఉద్యోగాలు, ఉపకార వేతనాలు, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ అవసరమే. అయితే అంతకన్నా పాత ప్రేరణ ఒకటి ఆ ఇళ్ళలో ఉంది. నేర్చిన పాఠాన్ని అప్పజెప్పడానికి ఓ మనిషి ఉండడమే ఆ ప్రేరణ.

క్రీ.శ. 610లో హిరా గుహలో ముహమ్మద్ ప్రవక్త విన్న తొలి మాట ‘ఇఖ్రా’. చదువు, పఠించు అని దాని అర్థం. ఏటా రంజాన్‌లో ప్రవక్త జిబ్రీల్ దూతతో కలిసి ఖుర్ఆన్ వల్లెవేసేవారని, చివరి ఏడాది రెండుసార్లు వల్లెవేశారని ముస్లింలు భక్తితో చెప్పుకుంటారు. ప్రవక్త అంతటివారే అప్పజెప్పారన్నది వారికి చిన్న విషయం కాదు. మసీదులోని మక్తబ్ అనే చిన్న బడిలో రేహల్ అనే చెక్క పీట మీద ఖాయిదా అనే అక్షరాల పుస్తకం పెట్టుకుని ఊగుతూ చదివే ఆరేళ్ళ పిల్ల కూడా ఆ వరసలోనే కూర్చుంటుంది. ఆనాటి సబఖ్, అంటే పాఠం, ఉస్తాద్‌కు అప్పజెప్పాకే మర్నాటి సబఖ్. ముందుకు పోతున్నకొద్దీ వెనకటి పాఠమూ వినిపించాల్సిందే.

పల్నాడులోని ఒక నూర్‌బాషా ముస్లిం ఇంటి ఉదయాన్ని తలచుకోండి. ఇంట్లో అందరి మాటా తెలుగే. తల్లి పొయ్యి దగ్గర ఉంది, కూతురు గడపలో కూర్చుని పాఠం వల్లిస్తోంది. ఒక మాట దగ్గర తల్లి వెనక్కి తిరక్కుండానే ఆపింది. ‘‘కల్బ్ కాదమ్మా, ఖల్బ్. నాలుక మొదలు కొండనాలుకకు తగలాలి. ఏదీ, మళ్ళీ చెప్పు.’’ గొంతు లోతుల్లోంచి పలికితే ఆ మాటకు గుండె అని అర్థం, పైపైన పలికితే కుక్క అని. తెలుగు నోటికి అలవాటులేని ఆ అక్షరం కోసం పిల్ల నాలుగుసార్లు ప్రయత్నించింది. అయిదోసారి తల్లి ఏమీ అనలేదు, పెనం మీద రొట్టె తిప్పింది. పలుకు కుదిరిందని పిల్లకు తెలిసిపోయింది.

ఎందుకింత శ్రద్ధ అని అడిగితే ఆ తల్లి సవాబ్ అంటుంది, బిడ్డ చదివిన ప్రతి అక్షరం తనకూ పుణ్యమంటుంది. తండ్రి ఇజ్జత్ అంటాడు, అంటే గౌరవమని. ఖుర్ఆన్ కంఠస్థం పూర్తయ్యాక తలపాగా చుట్టి దస్తార్‌బందీ చేసే రోజున కొడుకును కళ్ళారా చూసుకోవాలంటాడు. ఈ కోరికల్లో చదువు మీద గౌరవమూ ఉంది, బిడ్డ మీద ప్రేమా ఉంది.

అదే పిల్ల తొమ్మిదింటికి బడికి వెళుతుంది. ముస్లిం పిల్లల చదువంటే మదరసాయేనని చాలామంది అనుకుంటారు. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేది 3 శాతమేనని 2006లో, ముస్లింల స్థితిగతులను పరిశీలించిన సచార్ కమిటీ నివేదిక తేల్చింది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది బడికి ఎన్నడూ వెళ్ళలేదని, లేదా మధ్యలో మానేశారని కూడా అదే నివేదిక చెప్పింది. తెల్లవారకముందే బిడ్డను లేపి మక్తబ్‌కు పంపే ఇళ్ళున్న సమాజంలో ఇలా ఎందుకు జరిగిందన్నది బాధగా ఆలోచించాల్సిన విషయం. పేదరికం పెద్ద కారణం. మరో కారణమూ ఉంది. సిపారా వినగలిగిన తల్లి భిన్నాల లెక్క వినలేదు, ఆమెకు ఆ లెక్క ఎవరూ నేర్పలేదు. బడి పాఠం ఇంటికొచ్చేసరికి అప్పజెప్పే చోటు లేక మూగబోతుంది.

వినాలంటే ముందు భాష తెలియాలి. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం వంటి శాస్త్రాలను సైతం ఉర్దూలో బోధించింది. అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద విభాగంలో పండితులు కూర్చుని పుస్తకాలు అనువదించారు. పండితుడు చిలుకూరి నారాయణరావు ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చారు. ఈ రెండు ప్రయత్నాలూ చదువును ఇంటి చెవికి దగ్గర చేశాయి. తెలంగాణలో 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు 200 దాటాయి. అక్కడ చదువుకున్న అమ్మాయిలు రేపు తల్లులైతే సిపారాతోపాటు లెక్కా వింటారు. అందాకా మిగతా పిల్లల మాటేమిటి?

ఖర్చులేని పని ఒకటుంది. బడి పంతులుగారు నెలకోసారి మక్తబ్ గడప తొక్కవచ్చు. తరగతిలో నోరు విప్పని పిల్ల అక్కడ ఎంత ధైర్యంగా, ఎంత తేటగా పలుకుతుందో ఆయన చెవులారా వింటారు. హజ్రత్ కూడా సబఖ్ అయ్యాక ‘నిన్న బడిలో ఏం చెప్పారు?’ అని ఒక్క మాట అడగవచ్చు. ఇంటర్ చదివే వీధిలోని అక్కలు సాయంత్రం ఓ గంట చిన్నపిల్లల పాఠాలు వినవచ్చు. చదువు మీద ఆకలి ఆ ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది.

తరావీహ్‌లో ఆ కుర్రవాడు వందలమంది ముందు భయం లేకుండా నిలబడగలిగేది, ఒక్క తప్పూ రాదన్న నమ్మకంతో కాదు. మాట తప్పితే అందించేవాడు వెనకే ఉన్నాడన్న నమ్మకంతో. బడిలో లెక్క తడబడిన పిల్లకూ ఆ నమ్మకం కలగాలి. ముద్ద అందించే చెయ్యి ఆమె వెనకా ఒకటుండాలి.