లెక్కకు రాని చరిత్ర

ఖైరతాబాదునుండి నాంపల్లికి పోవువారు శాసనసభా ప్రాంగణమును చూడకుండ దాటలేరు. 2025 మార్చిలో షెడ్యూల్డు కులముల వర్గీకరణ బిల్లును తెలంగాణ శాసనసభ ఆమోదించినది అచ్చటనే. 1960వ దశకపు తొలినాళ్లలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఉపసభాపతిగా నున్న దళిత మహిళ టి. ఎన్. సదాలక్ష్మి. బిల్లును గూర్చి పత్రికలలో చదివిన మన విద్యార్థులలో ఆమె పేరెరిగినవారెందరు?

ఆమెను మరపున పడనీయనివారు గోగు శ్యామల. తాండూరు ప్రాంతపు పల్లెలో పుట్టి, మాదిగవాడ బ్రతుకును కథలుగా వ్రాసిన ఈ రచయిత్రి, 1921 మొదలు 2002 వరకు దళిత స్త్రీలు చేసిన రచనలను ఏర్చికూర్చి ‘నల్లపొద్దు’ అను సంకలనముగా వెలువరించిరి. సదాలక్ష్మి 2004లో కన్నుమూసిరి. ఆమె బ్రతుకుకథను శ్యామల 2011లో ‘నేనే బలాన్ని’ అను పేర గ్రంథస్థము చేసిరి.

మన చరిత్రకారులు శాసనములను, తామ్రపత్రములను, దస్తావేజులను ప్రమాణములుగా గైకొందురు. భూమిని, చదువును దక్కనీయని జనులకు దస్తావేజులెక్కడివి? వారి చరిత్ర నోటిమాటలో, పనిపాటలలో, అవ్వల జ్ఞాపకములలో నుండును. దానిని సకాలమున వ్రాసికొననిచో మరల దొరకదు.

అమెరికాలో జోరా నీల్ హర్‌స్టన్ అను నల్లజాతి రచయిత్రి ఈ పనియే చేసిరి. ఆఫ్రికానుండి బానిసగా తేబడిన కడ్జో లూయిస్ అను వృద్ధుని 1927లో కలిసి, అతని మాటలను అతని యాసలోనే వ్రాసిరి. యాసను దిద్దుమన్న ప్రచురణకర్తల కోరికకు ఆమె ఒప్పుకొనలేదు. 1960లో ఆమె పేదరికమున మరణించిరి. ఆ గ్రంథము 2018లో గాని వెలుగు చూడలేదు.

ఈ యుదంతము తెలుగు బోధించు మావంటివారిని గ్రుచ్చి యడుగును. పిల్లవాడు ఇంటిమాట వ్రాసిన చోటనెల్ల ఎఱ్ఱసిరా గీత గీచినది మేమే కదా! ఆ గీతతో మాట మాత్రమే పోలేదు. ఆ మాట మోసిన బ్రతుకును పోయినది.

జ్ఞాపకము తడబడవచ్చునని కొందరందురు. నిజమే, తేదీలను సభా నివేదికలతోను, నాటి పత్రికలతోను సరిచూచుకొనవలసినదే. అయితే దస్తావేజు మాత్రము తప్పు చెప్పదా? అదియు ఒకరు వ్రాసినదే.

2024 నవంబరులో మన రాష్ట్రమున ఇంటింటి కులసర్వే మొదలైనది. ఎందరున్నారో లెక్క చెప్పును. ఎట్లు బ్రతికిరో చెప్పదు. ఆ రెండవది ఇంటి పెద్దలను అడిగి వ్రాసికొని రమ్మని ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పవలెను. వారు తెచ్చిన కాగితముపై ముందుగా ఎఱ్ఱసిరా పెట్టకుండవలెను.