యాత్రికుల చిట్టా

మహాశివరాత్రి జాతరకును, రెండేండ్లకొకసారి మేడారము జాతరకు పోవుటకు ముందుగా రాజన్న స్వామిని దర్శించి కోడెను కట్టు మ్రొక్కు చెల్లించుటకును, తెలంగాణపు పల్లెలనుండియే గాక మహారాష్ట్రమునుండియు తరలివచ్చు జనసందోహమే వేములవాడ వర్తకునకు జీవనాధారము. ఆ యాత్రికుల పేర్లును ఫోను సంఖ్యలును వసతిగృహముల రిజిస్టర్లలోను దుకాణముల బిల్లు పుస్తకములలోను ఏండ్ల తరబడి పోగుపడుచున్నను, ఎవరు ఏ యూరివారో, ఏ మాసమున వత్తురో, ఏ భాష మాటాడుదురో, ఏమి కొనిరో తెలియునట్లు వానిని విభజించి వ్రాసికొను అలవాటు మనలో అరుదు. తత్ఫలితముగా పండుగ సమీపించినంతనే ఒకే సందేశము అందరికిని పోవును. కోడెను కట్ట వచ్చిన రైతునకును, సిరిసిల్ల మరమగ్గముల వస్త్రమును టోకుగా కొను వ్యాపారికిని ఒకే మాట చెప్పినచో ఆలకించువారెవరు? మరాఠీవారిని మరాఠీలో పిలిచిన దుకాణమెక్కడ?

నా మతమున యాత్రికుల చిట్టాలో ఊరు, భాష, వచ్చు కాలము, కొన్న వస్తువు, అనుమతి యుండిన చాలును. వానిలో కడపటిదే ముఖ్యము. గది కొరకు ఇచ్చిన సంఖ్య ప్రకటనల కొరకు ఇచ్చినది కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టము సమ్మతిని కోరుటయే గాక, ఇచ్చినంత సులభముగా దానిని ఉపసంహరించుకొను హక్కును గూడ ప్రసాదించినది; అక్కరలేని వ్యాపార సందేశములను ఆపించుకొనుటకు 1909 సంఖ్య ఉండనే యున్నది. దైవమును నమ్మి వచ్చినవాని సంఖ్యను వానికి తెలియకుండ అన్యులకు విక్రయించుట ఘోరాపరాధమని నా దృఢవిశ్వాసము.

వర్తక సోదరులారా, రాబోవు శివరాత్రికి ముందే పాత పుస్తకములను దించి, పనిచేయని సంఖ్యలను కొట్టివేసి, అనుమతి నీయనివారిని విడిచి, తక్కినవారిని ఊరూరుగా వ్రాసికొనుడు.