విజిట్ వీసా ఉద్యోగ వీసా కాదు

కడప, రాయచోటి, హైదరాబాదు పాతబస్తీల నుండి గల్ఫుకు వెళ్లి మోసపోయిన వారిని చూసి మనం "కిస్మత్" అని సరిపెట్టుకుంటున్నాము. ఇది కిస్మత్ కాదు, నేరమని మేము అంటున్నాము.

పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టుపై సాధారణంగా ఈసీఆర్ అని ఉంటుంది. వారు గల్ఫులో పనికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు కార్మికులను పంపడం నేరం. రిజిస్ట్రేషన్ ఉన్నవాడు సైతం రూ.30,000, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు. అనుమతితో వెళ్లినవారికి రూ.10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది.

విజిట్ వీసాపై విమానమెక్కించే ఏజెంటు ఈ రక్షణలన్నిటినీ ఒక్కసారిగా తుడిచివేస్తున్నాడు. ముప్పై ఏళ్లు నిండని ఈసీఆర్ మహిళలకు పని అనుమతే లేదు. అందుకే ఆడపిల్లలను ఈ దొడ్డిదారిన పంపుతున్నారు. ఫిర్యాదుకు వచ్చిన తల్లిని "ఎందుకు పంపావు?" అని గద్దించడం ఏ న్యాయం? నిలదీయవలసింది ఏజెంటును కాదా?

మసీదు కమిటీలు జుమా నమాజు తరువాత ఐదు నిమిషాలు దీనికి కేటాయించాలి. ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు, ఉద్యోగ వీసా, ఒప్పంద పత్రం కళ్లారా చూడనిదే ఏ కుటుంబమూ పాస్‌పోర్టు చేతికివ్వరాదు.