కప్పు మీకు, కర్టెన్లు మాకూనా?

పాత మోటార్ హోమ్ ఒకటి కొని సొంత చేతులతో బాగుచేసుకుందామని ఏ దంపతులైనా అనుకున్నారంటే, ఆ క్షణంలోనే పని రెండు వాటాలైపోతుంది. కప్పూ, గోడలూ, వైర్లూ, టైర్లూ అయ్యగారి వాటా. కర్టెన్లూ, దిండు గలీబులూ, గోడకి ఏ రంగు బావుంటుందన్న ఆలోచనా అమ్మగారి వాటా. ఈ పంపకం ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను. ఇది మనకి అవమానం అనడం లేదు, ఆ మాట చాలామంది చాలాసార్లు అన్నారు. ఇది మనకి నష్టం, ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చే నష్టం అంటున్నాను.

మోటార్ హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. మనవైపు లారీ డ్రైవర్లు సీటు వెనక బల్ల మీద పడుకోవడం, రోడ్డు పక్కన స్టవ్వు వెలిగించుకుని అన్నం వండుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ సంసారాన్నంతా బండి లోపలికి చేర్చి, పరుపులూ, గ్యాసు పొయ్యీ, ఫ్రిజ్జూ, నీళ్ళ ట్యాంకూ, బాత్‌రూమూ అమరిస్తే మోటార్ హోమ్. అమెరికాలో 1910లోనే పియర్స్ యారో అనే కార్ల కంపెనీ డబ్బున్నవాళ్ళ కోసం ఇలాంటిదొకటి చేసింది. మామూలు ఉద్యోగస్తుల వాకిట్లోకి రావడం మాత్రం 1960ల తర్వాతే. అయోవా రాష్ట్రంలో ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊళ్ళో 1958లో మొదలైన విన్నెబాగో కంపెనీ, 1966 నుంచి వీటిని కార్లు చేసినట్టు వరసపెట్టి తయారుచేసింది. జనరల్ మోటార్స్ వాళ్ళూ 1973 నుంచి 1978 వరకూ చేశారు. ఆ కాలం నాటి బళ్ళు ఈనాటికీ పెరళ్ళలో, షెడ్లలో పడి ఉంటాయి. కొత్తవాటితో పోలిస్తే చవగ్గా దొరుకుతాయి. ఇక్కడ ఒహాయోలో మేమూ 1970ల చివరినాటి బండి ఒకటి కొన్నాం. గోడకి మేకు కొట్టి క్యాలెండరు తగిలించడం మినహా అంతకుముందు మా ఇద్దరికీ ఏ పనీ రాదు.

కొన్న దగ్గర్నుంచీ సలహాలే సలహాలు. తెలిసినవాళ్ళు మావారికి నిచ్చెన అరువిస్తామన్నారు. నాకు గుడ్డల షాపు అడ్రసు ఇచ్చారు. నేను తిరగేసిన పుస్తకాల్లోనూ, చూసిన వీడియోల్లోనూ అదే వరస. మగవాడు కప్పు మీద మోకాళ్ళ మీద కూచుని చెమటోడుస్తుంటాడు. అంతా అయ్యాక ఆవిడ వచ్చి దిండు సర్ది నవ్వుతుంది. ఆ నవ్వుకి పేరు గృహాలంకరణ.

సరే, అసలు విషయానికి వద్దాం. పాత మోటార్ హోమ్‌కి మొదటి శత్రువు ఇంజను కాదు, నీళ్ళు. ఆ రోజుల్లో చేసిన చాలా బళ్ళకి పైన అల్యూమినియం రేకు, లోపల పల్చటి చెక్క పలక, ఆ రెంటి మధ్యా కర్ర చట్రం. కప్పు మీద గాలి కోసం పెట్టిన కిటికీ చుట్టూ, అంచుల వెంట, గోడ కిటికీల ఫ్రేముల చుట్టూ పూసిన సీలు ఎండకి ఎండి, మంచుకి బిగిసి పగులుతుంది. వెంట్రుకవాసి సందు చాలు. దిగిన నీరు చుక్కచుక్కగా నెత్తిన పడితే మేలే, అందరికీ కనిపిస్తుంది. పడదు. చట్రంలోకి పాకి అక్కడే కాపురం పెడుతుంది. బయట రేకు మెరుస్తూనే ఉంటుంది, లోపల పలక మీద పువ్వుల కాగితం కళకళలాడుతూనే ఉంటుంది. మధ్యలో కర్ర మాత్రం పెరుగులో నానిన ఆవడ!

దాన్ని పట్టుకోవడానికి పెద్ద చదువక్కర్లేదు. ముక్కూ, చెయ్యీ చాలు. మూసి ఉన్న బండి తలుపు తియ్యగానే ముక్కిపోయిన బియ్యం డబ్బా వాసన వస్తే అనుమానించాలి. మూలల్లో గోధుమరంగు మరకలుంటే అనుమానించాలి. బొటనవేలితో నొక్కితే గోడ లోపలికి పోయిందా, ఇక అనుమానం అక్కర్లేదు. కొత్తగా రంగు కొట్టి, కొత్త కర్టెన్లు కట్టి అమ్మకానికి పెట్టిన బండి అయితే మరీ గట్టిగా నొక్కి చూడాలి. ఇప్పుడు చెప్పండి, ఈ పరీక్ష చెయ్యడం ఎవరికి బాగా వచ్చు? కందిపప్పు డబ్బా మూత తీస్తూనే పురుగు పట్టిందో లేదో చెప్పేది ఇంట్లో ఎవరు?

ఇక బాగుచెయ్యడం. పాత సీలంతా గీకి తీసెయ్యాలి. మడ్డి మిగలకుండా తుడవాలి. తడి పూర్తిగా ఆరాలి. అప్పుడు కొత్తది వెయ్యాలి. జాడీ కడిగి, ఎండబెట్టి, తడి చెయ్యి తగలనివ్వకుండా ఆవకాయ ఎత్తి, వాసెన కట్టిన మనకి ఇది కొత్త పాఠమా? కిటికీ ఫ్రేము వెనక బ్యూటైల్ టేపు అని ఒకటి అంటిస్తారు. ముద్దగా, జిగురుగా ఉంటుంది. స్క్రూలు కొద్దికొద్దిగా, ఒకవైపు తర్వాత ఒకవైపు బిగిస్తూ పోతే అంచుల్లోంచి పొంగుతుంది. చుట్టూరా సమంగా పొంగితేనే సందు మూసుకున్నట్టు. కజ్జికాయ అంచు నొక్కిన చేతికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? కప్పు మీద తొందరపడి సిలికోన్ పూసెయ్యకూడదు. అది ఆరాక దాని మీద ఇంకేదీ సరిగ్గా అంటుకోదు, మళ్ళీ పగిలిననాడు అంతా గీక్కోవాల్సిందే. ఇవన్నీ కండబలం అడిగే పనులు కావు. ఓపికా, శుభ్రతా అడిగే పనులు. వంటింట్లో ఉన్నంతసేపూ మన ఓపికనీ శుభ్రతనీ తెగ పొగిడేవాళ్ళు, నిచ్చెన దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతారేం?

బరువు పనులు లేవా అంటే ఉన్నాయి. కుళ్ళిన చోట పలక విప్పి, గట్టి కర్ర తగిలేదాకా కోసి, కొత్త కర్ర అతకాలి. ఆ పెద్ద పలకలు నేనొక్కదాన్నీ ఎత్తలేను. మావారూ ఒక్కరే ఎత్తలేకపోయారు. ఇద్దరం పట్టుకుంటే లేచాయి. ఇందులో మగతనం ఎక్కడుందో నాకు కనిపించలేదు.

పైగా ఇది ఇవాళ కొత్తగా పుట్టిన వాదం కూడా కాదు. 1909లో ఆలిస్ రామ్సే అనే 22 ఏళ్ళ ఇల్లాలు, ఒక పసివాడి తల్లి, న్యూయార్కు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా మాక్స్‌వెల్ కారు నడుపుకుంటూ వెళ్ళింది. 59 రోజుల ప్రయాణం. వెంట ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురికీ కారు నడపడం రాదు. దారిలో 11 టైర్లు మార్చింది, స్పార్కు ప్లగ్గులు తుడిచింది, విరిగిన బ్రేకు పెడలు బాగుచేసింది. అది జరిగి 115 ఏళ్ళు దాటాక నన్ను గుడ్డల షాపుకి పొమ్మంటే ఎలా చెప్పండి?

ప్రాణం మీదికి వస్తుందన్నాను కదా, ఎలాగో చెబుతాను. ఇలాంటి బళ్ళు ఏడాదిలో తిరిగేది తక్కువ. అంచేత టైర్ల గ్రిప్పు అరగదు, చూడ్డానికి కొత్తవాటిలా ఉంటాయి. కానీ రబ్బరుకీ వయసు మీద పడుతుంది. వేగంగా పోతుండగా పేలితే అంత పెద్ద బండి ఎటు పోతుందో దేవుడికి తెలియాలి. పదేళ్ళు దాటితే గ్రిప్పు ఎంత ఉన్నా మార్చమనే చెబుతారు. 2000వ సంవత్సరం నుంచీ ఇక్కడి టైర్ల పక్కన నాలుగంకెలు వేస్తున్నారు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. 2309 అంటే 2009లో 23వ వారం. ఒక రిపేరు షాపులో మా బండి చూసిన పెద్దమనిషి, టైర్లు దివ్యంగా ఉన్నాయన్నాడు. నేను కింద కూచుని అంకెలు చదివాను. పధ్నాలుగేళ్ళ కిందటివి! ఇవి ఇంకా పనికొస్తాయా అని అడిగాను. ప్రశ్న నాది, జవాబు మావారి మొహం చూసి చెప్పాడు. మావారు నెమ్మదిగా, "ఆవిడతోనే చెప్పండి, ఆ లెక్క తనకే తెలుసు" అన్నారు. టైర్లు మారాయి.

గ్యాసు సంగతీ అంతే. పొయ్యికి గ్యాసు, ఫ్రిజ్జుకి గ్యాసు, చలికాలం హీటరుకి గ్యాసు. అటు ఇంజనుకి పోయే పెట్రోలు గొట్టాలు పాతవి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ ఆనాటి రబ్బరుని తినేస్తుంది, కారిందంటే మంటే. గ్యాసు పనీ, బ్రేకుల పనీ తెలిసిన మెకానిక్కు చేతే చేయించాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఏం చేయించాలో, చేశాక ఏం అడగాలో మనకీ తెలియాలి కదా? కార్బన్ మోనాక్సైడుకి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టి మోగే అలారం బండిలో ఉందా, అది పనిచేస్తోందా అన్నది, రాత్రి పిల్లల మీద దుప్పటి కప్పే మనిషికి తెలియాలా, అక్కర్లేదా? కర్టెన్ల సంగతి మాత్రమే తెలిసిన ఇల్లాలు ఆ బండిలోనే వండాలి, ఆ బండిలోనే పడుకోవాలి. అది క్షేమమో కాదో మాత్రం ఇంకొకరు చెబితే నమ్మాలి. ఇంకో రెండు వేల డాలర్లు అవుతాయంటే, దేనికని అడిగే నోరు కూడా ఉండదు. తెలియని పనికి లెక్క అడగలేం.

ఇంకొక సంగతి. సెలవులకని ఈ బండి కొంటారు. సెలవు ఎవరికండీ? హోటల్లో దిగితే కనీసం రెండు పూటలు వంట తప్పుతుంది. వంటిల్లే చక్రాలేసుకుని వెంటబడి వస్తే ఇక విశ్రాంతి ఎక్కడ? అందుకే బండి బాగుచేసే రోజుల్లోనే షరతులు పెట్టుకోవాలంటాను. రేకూ, స్క్రూలూ ఇద్దరివైనప్పుడు గరిటే ఇద్దరిదవుతుంది. మా బండిలో ఒక పూట మావారే సాంబారు కాస్తారు. రుచి ఎలా ఉందని అడక్కండి, ఆ పూట నేనేం చేశానని అడగండి. కొండలు చూస్తూ కూచున్నాను.

హైదరాబాదు నుంచి మా ఆడబిడ్డ ఫోన్లో, "అదేం ఖర్మ వదినా, అంత దూరం వెళ్ళి కూలిపని చేస్తున్నావా?" అంది. తనది ప్రేమే, కాదనను. కానీ వాళ్ళమ్మగారు, అంటే మా అత్తగారు, నవారు మంచాలు అల్లేవారు. మట్టి పొయ్యిలు వేసేవారు. సంక్రాంతి వస్తోందంటే నిచ్చెన వేసుకుని గోడలకి సున్నం కొట్టేవారు. ఆవిడ్ని ఎవరూ కూలిమనిషి అనలేదు, పనిమంతురాలన్నారు. చీపురుతో సున్నం కొడితే పనిమంతురాలు, స్క్రూడ్రైవరు పడితే కూలిమనిషీనా? పోనీ కూలిపనే అనుకుందాం. ఆ పని చేసుకుని బతికేవాళ్ళు మనకంటే ఎందులో తక్కువ?

కర్టెన్ల మీద నాకు కోపమేమీ లేదు. మా బండికీ ఉన్నాయి, నీలంవి. మావారు కుట్టు మిషను ముందు కూచుని తనే కుట్టారు. ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి. చూసినవాళ్ళంతా "అబ్బ, మగవాడై ఉండి ఎంత బాగా కుట్టారో" అన్నారు. కప్పు మీద నా సీలు చూడ్డానికి ఒక్కరూ నిచ్చెన ఎక్కలేదు. అయితేనేం, రెండు వానాకాలాలు దాటినా ఒక్క చుక్క దిగలేదు.

విజయవాడలోనో వరంగల్లోనో ఉన్న మాకు మోటార్ హోమ్‌తో పనేమిటంటారేమో. నిజమే, ఉండకపోవచ్చు. కానీ మీ ఇంటికీ కప్పుంది. మీ వంటింట్లోనూ గ్యాసు గొట్టం ఉంది, అది ఎన్నేళ్ళదో ఎవరికి తెలుసు? ఫ్యూజు పోతే బోర్డు మూత తియ్యడం ఎవరికి వచ్చు? కారే కుళాయికి వాషరు మార్చడానికి ఆదివారం దాకా ఎవరి కోసం ఆగుతున్నారు? వానలు రాకముందే డాబా ఎక్కి పగుళ్ళు ఎక్కడున్నాయో మీరే చూడండి. మీ అమ్మాయిని కూడా వెంట ఎక్కించండి. కర్టెన్లకేం, అవి ఆఖర్న కుట్టుకోవచ్చు. ఎవరైనా కుట్టొచ్చు.